రెండో చెంప

మెదక్‌లో ఆ మాల్ తెరిచిన కొత్తలో బట్టలు కొనడానికి ఎంతమంది వచ్చారో గానీ, మెట్లు చూడడానికి మాత్రం ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చాయి. తమంతట తామే పైకి పోయే మెట్లు మరి! రామాయంపేట నుంచీ నిజాంపేట నుంచీ ఆటోలు మాట్లాడుకుని వచ్చిన ఆడవాళ్ళు ఆ మెట్ల ముందర నిలబడి, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, అమ్మో అని వెనక్కి తీసుకునేవాళ్ళు. మగవాళ్ళు మాత్రం తమకు భయమే లేనట్టు ఫోన్ చూసుకుంటూ, లిఫ్టు ఎక్కడుందో ఓరకంట వెతుక్కునేవాళ్ళు.

సరిగ్గా ఆ మెట్ల మొదట్లోనే అందం అమ్మే కౌంటరు పెట్టింది కంపెనీ. అక్కడ పెట్టమన్నది శశిధర్, హైదరాబాద్ నుంచి వచ్చిపోయే ఏరియా మేనేజరు. మనిషి మెత్తన. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, గొంతు పెంచడు. జనం ఎక్కడ తడబడతారో అక్కడే బల్ల వేయాలన్న సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు. ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. ఆ మాల్ మొత్తం గాలించినా కూర్చోవడానికి కుర్చీ దొరకదు. అందుకని కౌంటరు ముందర ఓ ఎర్ర స్టూలు వేయించాడు. ఎవరైనా ఊరికే కూర్చోవచ్చు. లేవడమే కష్టం.

కూర్చున్నవాళ్ళను లేవనివ్వకుండా చూడడం సుమన పని.

సుమనది మాటలపుట్ట నోరు. చిన్నప్పుడు సండేస్కూల్లో టీచరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, మధ్యలో ఈ పిల్ల గుసగుసలు వినిపించి ఒక కన్ను తెరవాల్సి వచ్చేది. డిగ్రీ అయ్యాక జిరాక్సు షాపులో చేరితే, కాగితాలకంటే కబుర్లు ఎక్కువయ్యాయని పంపించేశారు. ప్రైవేటు బడిలో చేరితే పిల్లలకంటే టీచరే ఎక్కువ అల్లరి చేస్తోందన్నారు. ఎక్కడికి పోయినా "జర నోరు మూస్కో సుమనా" అన్నవాళ్ళే. అలాంటిది, మొదటిసారి ఒక చోట "ఇంకా మాట్లాడు" అన్నారు. ఆ పిల్ల పొంగిపోయిందంటే పొంగిపోదూ మరి!

శశిధర్ నేర్పిన పాఠంలో పెద్ద సంగతి ఒక్కటే. క్రీము ఒక చెంపకే రాయాలి. ఎంత బతిమాలినా రెండో చెంపకు రాయకూడదు. ఆ తర్వాత అద్దం చూపించాలి. అద్దానికి ఒకవైపే లైట్లుంటాయి. క్రీములో సన్నటి మెరుపు పొడి ఏదో కలిపి ఉంటుంది. రాసిన చెంప నిగనిగలాడుతుంది. రాయని చెంప, పాపం నిన్నటిదాకా బాగానే ఉన్న చెంప, ఒక్కసారిగా వెలవెలబోతుంది.

"రెండో దిక్కు ఇంటికి పోయి వాళ్ళే రాస్కోవాలె," అనేవాడు శశిధర్ నవ్వుతూ. "సగం మొఖంతోని ఎవ్వరు బజార్ల తిరగరు సుమనా. మనం తొందరపెట్టద్దు. అద్దమే తొందరపెడతది."

అంతా బాగానే ఉంది గానీ, ఒక చిక్కొచ్చి పడింది. చెంపదాకా పోవాలంటే ముందు చెయ్యి దొరకాలి కదా? "హలో మేడమ్, వన్ మినిట్" అనమని శశిధర్ నేర్పాడు. అలా అనగానే మెదక్ ఆడవాళ్ళు కొంగు భుజం నిండా లాక్కుని, పిలిచింది తమను కానట్టు వెళ్ళిపోయేవాళ్ళు. ముక్కూ మొహం తెలియని పిల్ల చేతిలో ఎవరు చెయ్యి పెడతారు?

దారి సుమనే కనిపెట్టింది. మెట్ల ముందర బెదిరి నిలబడ్డ మనిషి దగ్గరికి పోయి, "పైలం పెద్దమ్మా, చెయ్యియ్యి," అనేది. అంతే! ఆ చెయ్యి తనంతట తానే వచ్చి ఆమె చేతిలో పడేది. మేడమ్ లేదు, మీరు లేదు. మీరు అంటే గిరాకీ, నువ్వు అంటే చుట్టం. ఆ తర్వాత "ఏవూరు పెద్దమ్మా మనది?" అనేది. వాళ్ళు ఏ ఊరు చెప్పినా, "అయ్యో, మా అత్తది గాడనే!" అనేది కళ్ళు పెద్దవి చేసి. అలా నిజాంపేటలో ఒక అత్త, శంకరంపేటలో ఒక అత్త, రామాయంపేట బస్టాండు వెనక ఇంకో అత్త వెలిశారు. జిల్లా నిండా సుమన చుట్టాలే!

మొహమాటమంటే మనవాళ్ళకు ఎంత ప్రాణమో చెప్పాలా? చెయ్యి పట్టుకుని, పెద్దమ్మా అని పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, చెంప తుడిచి, క్రీము రాసిన పిల్లతో "నాకొద్దు" అని లేచిపోవడానికి గుండె రాయి అయి ఉండాలి. కొందరు కొనేది క్రీము కాదు. ఆ స్టూలు మీద నుంచి మర్యాదగా లేచే హక్కును కొనుక్కునేవాళ్ళు.

నిజం చెప్పాలంటే సుమనకు అత్తలూ లేరు, పెద్దమ్మలూ లేరు. ఉన్నది తల్లి నవోమి ఒక్కతే. ఇష్టపడ్డవాణ్ణి చేసుకుందని పుట్టింటివాళ్ళు ఆమెతో తెగదెంపులు చేసుకున్నారు. భర్త పోయాక అత్తింటివాళ్ళూ రాకపోకలు మానేశారు. చర్చి వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు, ఒక కుట్టుమిషను, ఇద్దరు మనుషులు. ఆ గడపలో పెళ్ళి పత్రిక పడి ఏళ్ళయింది. ఊరందరి పెళ్ళి జాకెట్లూ నవోమే కుడుతుంది గానీ, ఆ పెళ్ళిళ్ళకు రమ్మనేవాళ్ళు తక్కువ. సుమన నోటికి అంత తేలిగ్గా అత్తలు పుట్టుకురావడానికి కారణం అదేనేమో ఎవరు చూశారు!

మాఘమాసం లగ్గాల వేళ వచ్చింది శంకరంపేట ఇందిరమ్మ. పొలమూ పుట్రా ఉన్న ఇంటి మనిషి. కొడుకు అమరేందర్ వ్యవసాయంతో పాటు ఎరువుల దుకాణం నడుపుతాడు. మనవడు అభిలాష్ పెళ్ళి బట్టలకని ఇంటిల్లిపాదీ జీపులో దిగారు. అందరూ చకచకా మెట్లెక్కి పైకి పోయారు. ఇందిరమ్మ మాత్రం కిందే ఆగి, కదిలే మెట్లను అనుమానంగా చూస్తూ నిలబడింది.

"ఎక్కుతవా పెద్దమ్మా?" అంది సుమన.

"నేనెక్క బిడ్డా. గది మింగుతదో ఏందో!"

"మింగదు గానీ, ముందుగాల జర కూసో. కాళ్లు నొస్తున్నట్టున్నయి."

నొస్తూనే ఉన్నాయి. ఇందిరమ్మ హమ్మయ్య అని స్టూలు మీద కూలబడింది. కూర్చోగానే ఆమె ముఖంలో కనిపించిన హాయి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సుమన చేతులు తమ పని తాము మొదలుపెట్టాయి. ఊరి పేరు అడగడం, అత్త పుట్టుకురావడం, అన్నీ వరసగా జరిగిపోయాయి.

"మీ అత్తది మా ఊరా! ఎవ్వలింట్ల బిడ్డా?"

"నిర్మలమ్మని, చర్చి పక్కపొంటి."

మామూలుగా ఎవరైనా అక్కడితో "ఆహా" అని ఊరుకుంటారు. ఇందిరమ్మ ఊరుకునే రకం కాదు. చుట్టరికం చెప్పిన తర్వాత మంచీ చెడూ అడగకుండా ఉంటే బాగుంటుందా? అత్తకు పిల్లలెందరని అడిగింది. ఇద్దరంది సుమన. అత్త ఒళ్ళు బాగుంటోందా అని అడిగింది. మోకాళ్ళ నొప్పులంది సుమన, చేతికందిన నొప్పి ఏదో ఒకటి పెట్టేసి. "అయ్యో పాపం, నాకున్నట్టే," అని నిట్టూర్చింది ఇందిరమ్మ. లేని నిర్మలమ్మ మోకాళ్ళ గురించి ఆమె నిజంగానే బాధపడింది.

ఈలోగా కుడి చెంప మెరిసింది. సుమన అద్దం తిప్పింది.

"ఓయవ్వ!" అంది ఇందిరమ్మ. చాలాసేపు అద్దంలోకి చూసి, ఎడమ చెంప ముందుకు పెట్టింది. "మరి గీ దిక్కు?"

"గది ఇంటికి పోయినంక నువ్వే రాస్కోవాలె పెద్దమ్మా. మనుమని లగ్గంల ఫొటోలు జన్మంత ఉంటయి. నాయనమ్మ సగం మొఖంతోని ఉంటదా?"

"నువ్వు గిదే రాస్కుంటవా బిడ్డా?"

"దినాం రాస్కుంట. లేకుంటె నా మొఖం గిట్లుంటదా?"

సుమన ఆ క్రీమును ఒక్కనాడూ ముట్టుకోలేదు. చేరిన కొత్తలో ఆశపడి ఒక డబ్బా మూత తీయబోతే శశిధర్ మెల్లగా ఆ డబ్బా వెనక్కి తీసుకున్నాడు. "మనది అమ్ముడు పని సుమనా, రాసుకునుడు కాదు," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడగకుండా ఉండడం ఆ నోటికి ఎంత కష్టమో ఆ నోటికే తెలుసు.

ఇందిరమ్మ డబ్బా కొంది. పైనుంచి కొడుకు పిలుస్తున్నాడు. మళ్ళీ మెట్ల ముందర నిలబడిపోయింది. సుమన చటుక్కున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "నా మీద ఆనుకో, కాళ్ల దిక్కు చూడకు," అంటూ ఆమెతో పాటు పైదాకా పోయి, కొడుకుకు అప్పజెప్పి వచ్చింది. తిరిగొచ్చేసరికి స్టూలు కోసం కాచుకున్న ఇంకో ఆవిడ విసుగొచ్చి వెళ్ళిపోయింది. శశిధర్ చూసి ఉంటే నొచ్చుకునేవాడు.

సుమనను పెట్టుకున్నది తాత్కాలికంగా. ఆ గడువు దగ్గరపడింది. శనివారం నేనే వచ్చి పక్కన నిలబడి చూస్తానని శశిధర్ ఫోన్ చేశాడు. నచ్చితే మెదక్ కౌంటరుకు ఆమే ఇన్‌చార్జి. నచ్చకపోతే ఆ రోజుతో సరి. సుమన తల్లితో ఈ సంగతి ఆశగా, కొంచెం భయంగా చెప్పింది. నవోమికి ఆశ మాత్రమే వినిపించింది. ఆ ఆదివారమే ఆరాధన తర్వాత స్త్రీల కూటంలో లేచి నిలబడి, "మా బిడ్డను దేవుడు మాల్‌ల ఇన్‌చార్జిని చేసిండు," అని సాక్ష్యం చెప్పి, కృతజ్ఞత కానుక కూడా వేసేసి వచ్చింది!

"అవ్వా, ఇంకా కాలేదు గదనే!" అని నెత్తి కొట్టుకుంది సుమన.

"అయితది తియ్యి. దేవునికి ముందుగాల చెప్తె తప్పేంది?"

తప్పేం లేదు. కానీ ఇప్పుడు చర్చి మొత్తానికీ ఆమె ఇన్‌చార్జి. పాలవాడి దగ్గరికి పోతే పాలవాడు కూడా "కంగ్రాట్స్" అన్నాడు. ఇన్నేళ్ళకు తల్లి పదిమందిలో తలెత్తుకుని చెప్పుకున్న ఒకే ఒక్క మాట అది. శనివారం గనక బెడిసికొడితే ఆ తల మళ్ళీ దిగిపోతుంది. 

శనివారం రానే వచ్చింది. ఇస్త్రీ చొక్కాలో శశిధర్ కౌంటరు పక్కన, చేతులు కట్టుకుని, ఎవరో గిరాకీ మనిషిలాగా నిలబడ్డాడు. మొదట దొరికింది నిజాంపేట నుంచి వచ్చిన సృజన. బళ్ళో పంతులమ్మ, బిడియస్తురాలు. చెల్లెలి పెళ్ళికి బట్టలు తీసుకుందామని వచ్చింది. సుమన చెయ్యి అందించింది, అక్కా అంది, నిజాంపేట అత్తను బయటికి తీసింది. ఒక్కొక్క మాటా నూనె వేసిన మిషనులాగా సాఫీగా నడిచింది. సృజన కుడి చెంప తళతళలాడింది. శశిధర్ సన్నగా తల ఊపాడు. అద్దం తిప్పడమే తరువాయి.

అప్పుడు కనిపించింది ఇందిరమ్మ. వాకిలి నుంచి తిన్నగా కౌంటరు వైపే వస్తోంది, కొంగుతో ముఖం సగం కప్పుకుని.

 ఇట్లాంటి రాక ఎలా ఉంటుందో సుమనకు తెలుసు. ముందు గొంతు లేస్తుంది, వెనకనుంచి మగవాళ్ళు వస్తారు, చుట్టూ జనం మూగుతారు. వేరే రోజేదీ దొరకలేదా ఈమెకు? ఏసయ్యా, ఇవాళ వద్దు, రేపు వచ్చినా కాళ్ళు పట్టుకుంటాను అనుకుంది మనసులో.

ఇందిరమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు లేవలేదు. సుమన గడ్డం పట్టుకుని, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, ముందు కుడి చెంప, తర్వాత ఎడమ చెంప శ్రద్ధగా చూసింది. చూసి, పెద్దగా ఊపిరి వదిలింది.

"నీకేం కాలే గదా బిడ్డా? మంచిగనే ఉన్నవ్. నాకు పానం కొట్టుకున్నది పో!"

"ఏమైంది పెద్దమ్మా?"

ఇందిరమ్మ కొంగు తీసింది. ఎడమ చెంప ఎర్రగా కమిలిపోయి, అక్కడక్కడా పొక్కి, తెల్లటి మందు పూసి ఉంది. కుడి చెంప మాత్రం ఎప్పటి ఇందిరమ్మదే. స్టూలు మీది సృజన "అమ్మో!" అంది.

"నువ్వు కుడి దిక్కు చేసిచ్చినవ్ గదా, ఎడమ దిక్కే మిగిలె," అంది ఇందిరమ్మ. "గందుకని పొద్దుమాపు ఎడమ దిక్కే రాసిన. కుడిదాని లెక్క మెరవాలె గదా. ఎంతకూ మెరవకపాయె. ఇంకింత పట్టిచ్చిన. మంట వెడితె మందు పనిచేస్తున్నదనుకున్న. ఇగో, గిట్లయింది. నిన్న దవాఖానల చూపిచ్చుకున్న. డాక్టరమ్మ నన్ను మస్తు తిట్టింది. గది ముట్టుకోవద్దన్నది. అప్పుడు యాదికొచ్చింది, నువ్వు సుత దినాం రాస్కుంటన్నవ్ గదా అని. మావోడు కొట్లాటకు వస్తనన్నడు. నేనే వద్దన్న. పిల్లకు ఎర్కలేదురా, పిల్ల సుత రాస్కుంటున్నది, ముందుగాల పోయి చెప్పాలె అన్న. వానిని జీపులనే కూసోమని వచ్చిన."

  ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సుమనకు. తిట్లకు జవాబులు శశిధర్ ముందే నేర్పి పెట్టాడు. ఇలా వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో అతనూ నేర్పలేదు.

శశిధర్ ముందుకు వచ్చాడు. మొహంలో చెదరని నవ్వు, గొంతులో అదే మెత్తదనం. "అమ్మా, కంగారు పడకండ్రి. గది లోపటి మురికి బయటికొచ్చుడు. మంచిదే. మధ్యల ఆపితెనే ప్రాబ్లమ్. దీని మీద గీ సీరమ్ వాడితె, వారం దినాలల్ల సాఫ్ అయితది. మా సుమనను అడుగుండ్రి, ఆమె కూడా గిట్లనే అయ్యి తగ్గింది." అని ఇంకో డబ్బా తీసి సుమన చేతిలో పెట్టాడు. పెడుతూ ఆమె కళ్ళలోకి చూశాడు. ఇది అమ్మితే ఇన్‌చార్జివి నువ్వే అని ఆ చూపు.

ఇందిరమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వెవ్వలో నాకెర్కలేదు నాయినా," అంది మర్యాదగానే. తర్వాత సుమన వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు వాడుమంటె వాడ్త."

ఎంత మాట అంది! డబ్బా సుమన చేతిలో ఉంది. అమ్మడానికి ఒక్క మాట చాలు. ఇన్నాళ్ళూ వందల మాటలు ఖర్చుపెట్టి సంపాదించిన నమ్మకం ఇక్కడ అప్పనంగా, అడక్కుండా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ కాలిన చెంప మీద ఇంకో పూత పూసుకోవడానికి ఈ మనిషి సిద్ధంగా ఉంది, తను ఊ అంటే చాలు. సుమనకు స్త్రీల కూటంలో నిలబడ్డ తల్లి కనిపించింది. కంగ్రాట్స్ అన్న పాలవాడు కనిపించాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"వద్దు పెద్దమ్మా," అంది.

"సుమనా," అన్నాడు శశిధర్ నెమ్మదిగా.

"వద్దు. గిది వద్దు, గా క్రీమొద్దు. నేను ఒక్కనాడు రాస్కోలే. నీకు అబద్ధం చెప్పిన." డబ్బా బల్ల మీద పెట్టేసింది. "నీ కుడి చెంప సుత ఏం తెల్లగ కాలే. గది మెరుపు పొడి. అద్దానికి ఒక దిక్కే లైట్లున్నయి. చూడు."

లైట్లు రెండో చెంప మీద పడేట్టు అద్దాన్ని తిప్పింది. సృజన అందులోకి చూసుకుంది. ఇప్పుడు మెరుస్తున్నది క్రీము రాయని చెంప.

"మరి నాకు ఈ పక్క?" అంది సృజన అయోమయంగా. అందరిలాగే రెండో చెంప గురించే అడిగింది పాపం. సుమన తడి దూది తీసుకుని, రాసిన చెంపను మెల్లగా, ఆఖరిదాకా తుడిచేసింది. సృజన రెండు చెంపలూ తడుముకుని చూసుకుని, లేచి, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది.

శశిధర్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే సుమనకు కొంత తేలికయ్యేది. "కౌంటర్ తాళంచెవులు, బ్యాడ్జి ఇయ్యి," అన్నాడు. ఇచ్చింది. అతను ఫోన్ తీసుకుని, ఇంకెవరినో వెతకడానికి పక్కకు పోయాడు.

సుమన అక్కడే నిలబడి ముక్కు చీదింది. ఒకటి చెప్పాక మిగిలింది దాచుకుని ఏం లాభం? "పెద్దమ్మా, ఇంకోటి. మీ ఊర్ల మా అత్తని చెప్పిన..."

"ఎర్కే," అంది ఇందిరమ్మ.

"ఎర్కనా?"

"నేనొచ్చి చెప్తె కొట్లాటకొచ్చిననుకొని నువ్వు భయపడ్తవని, మీ అత్తను తోల్కొని వద్దామనుకున్న. పాపం ఆమెకు సుత మోకాళ్లు నొస్తయంటివి, జీపుల కూసుండవెడ్దామని చర్చి దిక్కు పోయిన. ఇల్లిల్లు తిరిగిన. నిర్మలమ్మ లేదు, ఎవ్వలు లేరు. పాస్టరయ్యను అడిగితె, గా పేరుతోని మా సంఘంలనే లేరమ్మా అన్నడు." ఇందిరమ్మ చిన్నగా నవ్వబోయి, చెంప నొప్పెట్టి ఆగింది. "నా కోడలు సుత నవ్వింది. నిన్ను మంచిగ బుట్టల ఏసుకున్నదత్తమ్మా అన్నది."

సుమనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ పొక్కిన చెంపతో, ఆ మోకాళ్ళతో, లేని అత్తను వెతుక్కుంటూ ఈ మనిషి ఇల్లిల్లూ తిరిగింది! "ఎర్కయినంక గూడ ఎందుకొచ్చినవ్ పెద్దమ్మా?"

"కొనకముందు ఎవ్వలన్న చెయ్యి వడ్తరు బిడ్డా. నేను బజార్ల సరుకు అమ్మిన్దాన్నే, నాకు గంత మాత్రం తెల్వదా? నువ్వు కొన్నంక సుత నా చెయ్యి వట్టుకొని మెట్లెక్కిచ్చినవ్. స్టూలు కాడ ఇంకో గిరాకి కాసుకొని ఉన్నా పైదాంక వచ్చినవ్. గప్పుడేమొచ్చింది నీకు?"

సుమన ఆ సంగతే మరిచిపోయింది. శశిధర్ నేర్పిన పాఠంలో అది లేదు. ఏమీ రాదని తెలిసీ చేసిన పని అదొక్కటే, దాన్నే గుర్తుపెట్టుకుంది ఈ మనిషి. సుమన చున్నీ కొస నోట్లో కుక్కుకుని, మాల్ మధ్యలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊకో, ఊకో. ఏడిస్తె నీ చెంపలు సుత ఎర్రగైతయి," అంది ఇందిరమ్మ. సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మూలలా పసుపు పెట్టిన పత్రిక తీసింది. "మా అభిలాష్ లగ్గం. మీ అత్త దొరికితె ఆమెకిచ్చి, నీకు సుత చెప్పుమందామనుకున్న. ఆమె దొరకకపాయె. ఇగో, నీకే ఇస్తున్న. మీ అవ్వను తోల్కొని రా. నువ్వెవ్వలు అని ఊర్ల ఎవ్వలన్న అడిగితె, మా పెద్దమ్మది గీ ఊరేనని చెప్పు. గది అబద్ధం గాదు."

తర్వాత ఆమె మెట్ల వైపు చూసి, చెయ్యి చాపింది. "పట్టు. కోడలు పైన మొన్న కొన్న చీరలు ఇచ్చి వేరేవి తీస్కుంటున్నది. మొన్న సగమే భయం పోయింది."

సుమన ఆ చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి నవోమి మిషను మీద వంగి ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు అతుకుతోంది. సుమన గడప మీదే కూర్చుని ఉన్నదంతా చెప్పింది. ఉద్యోగం పోయిందని చెప్పింది. కాలిన చెంప, లేని అత్త, మెరుపు పొడి, ఏదీ దాచలేదు. నవోమి మిషను ఆపింది. దారం తెంపి జాకెట్టు పక్కన పెట్టింది. చర్చిలో తను చెప్పిన సాక్ష్యం ఆమెకూ గుర్తొచ్చిందని సుమనకు తెలుస్తూనే ఉంది. ఆదివారం ఆ ఆడవాళ్ళందరి ముందరా మళ్ళీ లేచి నిలబడాలి కదా!

"అవ్వా, తిట్టు," అంది సుమన.

నవోమి తిట్టలేదు. లేచి వచ్చి, కూతురి చేతిలోని పత్రిక తీసుకుంది. నాలుగు మూలల పసుపునూ వేలితో ఒక్కొక్కటిగా తడిమింది. పైన ఖాళీ జాగాలో, మెట్లెక్కాక ఇందిరమ్మ కోడలితో రాయించిన పేరు చదివింది. "సుమన, వాళ్ళ అమ్మగారు" అని ఉంది. మళ్ళీ చదివింది. గోడ అల్మారా తెరిచి, అడుగున ఎప్పుడో మడిచి పెట్టిన పట్టుచీర తీసి, మడతల దగ్గర చిరిగిందేమోనని వెలుతురులో పట్టి చూసింది.

"శంకరంపేటకు పొద్దుగాల బస్సు ఎన్నింటికున్నదో అడిగినవా?" అంది.